పళ్ళెంలో నీళ్ళు

గురువారం పొద్దున ఏడింటికి తార్నాక నుంచి ఫోన్ వచ్చింది. సార్ భార్య. ఆవిణ్ణి మేమంతా ఆంటీ అంటాం. "మీ సార్ లేరమ్మా" అన్నారు. ఎక్కడికెళ్ళారని అడిగాను. అడిగాక గానీ అర్థం కాలేదు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. నేను హబ్సిగూడలో ఆఫీసు పక్కన టిఫిన్ సెంటర్ దగ్గర నిలబడి ఉన్నాను, చేతిలో ఇడ్లీ ప్లేటు. తినకుండా కింద పెట్టేస్తుంటే టిఫిన్ సెంటర్ అతను "ఏమైంది మేడం, చట్నీ మంచిగ లేదా?" అన్నాడు. "మా సార్ పోయిండు" అన్నాను. ఆ మాట నేను మొదట చెప్పింది అతనికే. అతను ప్లేటు తీసి పక్కన పెట్టి, డబ్బులు వద్దని చెయ్యి ఊపాడు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో ఫోటో పడే మనిషి కాదు. సముద్రపు వాతావరణం చూసే ఉద్యోగంలో ఊళ్ళూళ్ళూ తిరిగి, రిటైరయ్యాక తార్నాకలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో స్థిరపడి, వారానికి మూడు రోజులు యూనివర్సిటీకొచ్చి మాకు పాఠం చెప్పేవారు. ఆయన పని సముద్రం. ఉన్నది తార్నాక. దీని మీద అపార్టుమెంటులో హాస్యాలకు లోటు లేదు. "సార్, ఇవాళ వడియాలు పెట్టుకోవచ్చా?" అని పక్కింటావిడ అడిగితే, "అమ్మా, నాకు తెలిసింది బంగాళాఖాతం. మేడ మీది సంగతి మీ వాచ్‌మన్‌ని అడగండి" అనేవారు. ఒకసారి మాత్రం మొహమాటానికి పెట్టుకోండి అన్నారు. వడియాలు తడిసి ముద్దయ్యాయి. ఆ కథ ఇప్పటికీ ఆ మెట్ల మీద నడుస్తూనే ఉంది.

నాది నల్లగొండ వైపు ఒక బోర్ల ఊరు. నీళ్ళంటే మాకు ఎన్ని ఫీట్ల లోతున ఉన్నాయన్నదే లెక్క. మొదటి క్లాసులో సార్ "సముద్రం చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. అందరూ ఎత్తారు, నేను తప్ప. సిగ్గుతో చచ్చిపోయాను. "నేను చూడలే సార్" అన్నాను. "మంచిదేగా! చూసినవాళ్ళు చూసినదాన్నే నమ్ముకుంటారు. నీకు ఆ బాధ లేదు" అన్నారు. ఊరడించడానికి అన్నారనుకున్నాను. ఆయనకు ఉత్తుత్తి ఊరడింపులు చెప్పడం రాదని తరవాత తెలిసింది.

ఆయనకొక నిత్యకృత్యం ఉండేది. రోజూ సాయంత్రం ఆరింటికి కోస్తాలో ఒక చిన్న ఊరికి ఫోన్. అవతల ఉండేది ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఐదో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. సార్ చదువుల్లో పడ్డారు, ఆ స్నేహితుడు చేపల వేటకు వెళ్ళాడు. ఆ ఊరి నావలన్నిటికీ ఆయన మాటే మాట. ముఖం చూడకపోయినా మేమందరం ఆయన్ని ఒడ్డు మామ అనేవాళ్ళం. ప్రభుత్వం వాళ్ళు రోజూ ఇచ్చే సముద్ర సూచనలో అంకెలుంటాయి, గళ్ళుంటాయి. దాన్ని విప్పి, ఆ ఊరివాళ్ళకు పనికొచ్చే నాలుగు వాక్యాల్లో చెప్పడమే సార్ చేసే పని. "కొత్తగా జోస్యం చెప్పడం మన పని కాదు. చెప్పినదాన్ని చేరవేయడమే మన పని" అనేవారు. ఆ నాలుగు వాక్యాలు రాసే పని మా ఆరుగురు విద్యార్థులకు వంతులవారీగా వచ్చేది.

రాసింది నేరుగా ఫోనెక్కేది కాదు. ముందు మా యూనివర్సిటీ క్యాంటీన్ అక్క ఒప్పుకోవాలి. ఆమెది మాణికేశ్వర్ నగర్. సాయంత్రం ఐదింటికి సార్ చాయ్ చెప్పి, మా చేత కాగితం ఆమెకు చదివించేవారు. ఆమెకు అర్థమైతే ఒడ్డు మామకీ అర్థమవుతుందని ఆయన నమ్మకం. నా మొదటి కాగితం విని ఆమె గరిటె పట్టుకుని తిరిగింది.

"గంటకు నలభై కిలోమీటర్లంటే నాకేం ఎర్క సారూ? గా గాలికి నా గొడుగు నిలుస్తదా, పోతదా? గది చెప్పుమను పోరిని."

"రాసుకో అమ్మా" అన్నారు సార్ నాతో. అలా మా సూచనల్లోకి గొడుగులు, దండెం మీది బట్టలు, పొయ్యి మీది గిన్నెలు వచ్చి చేరాయి.

ఇంకోటి, ఆ నోటుబుక్కు. పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత. ఎడమ పక్క 'చెప్పింది', కుడి పక్క 'జరిగింది'. మర్నాడు ఫోన్ చేయగానే సార్ మొదట అడిగే మాట, "ఏరా, నిన్న చెప్పింది జరిగిందా?" అవతల నుంచి ఒడ్డు మామ ఏమంటే అది కుడి పక్కకు వెళ్ళేది. సుమారుగా జరిగింది అని రాస్తే ఒప్పుకునేవారు కాదు. "ఎడమ పక్క ఎవరైనా రాస్తారు. కుడి పక్క రాయడానికే గుండె కావాలి" అనేవారు. అప్పుడప్పుడు మామని ఫోను సముద్రం వైపు పట్టుకోమని, ఇటు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెట్టేవారు. కెరటం విరిగిన చప్పుడు నుంచి మళ్ళీ చప్పుడు దాకా ఎన్ని సెకన్లో. తార్నాక బాల్కనీలో కుర్చీలో కూర్చుని, కింద బస్సుల హారన్లు మోగుతుంటే, ఆయన సముద్రాన్ని లెక్కపెట్టడం చూసి నేను మొదట్లో నవ్వు ఆపుకునేదాన్ని.

వేటకు వెళ్ళొద్దని చెప్పిన రోజున ఆయన చేప ముట్టేవారు కాదు. "వాళ్ళు అక్కడ చేతులు ముడుచుకుని కూర్చుంటే మనం ఇక్కడ పులుసు తినాలా?" అనేవారు. ఆంటీకి ఒళ్ళు మండేది. "బంగాళాఖాతంలో గాలి వీస్తే మా ఇంట్లో పప్పే తల్లీ. ఆదివారం పొద్దున్నే పోయి కొర్రమీను తెచ్చుకున్నానా, ఈయన వాయుగుండం తెస్తారు" అని నాతో వాపోయేవారు. "కొర్రమీను చెరువుది కదండీ, సముద్రానికేం సంబంధం?" అని ఆవిడ అడిగితే సార్ పప్పు గిన్నె దగ్గరికి జరుపుకునేవారు.

ఇక ఇది చెప్పాలి. చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఆరేళ్ళ కిందట, నా రెండో సంవత్సరంలో, సార్‌కి విపరీతమైన జ్వరం. వంతు నాది. సూచన తెరిచి చూశాను. గాలి దాదాపు లేదు. అల ఎత్తు మీటరు పైన కొంచెం. మాది గాలి లేకపోతే చింతాకు కూడా కదలని ఊరు. గాలే లేనప్పుడు నీళ్ళెందుకు లేస్తాయనుకున్నాను. హాయిగా రాశాను, "రేపు గాలి ఉండదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది." క్యాంటీన్ అక్క "ఇగో, గిప్పుడు సమజైంది" అని మెచ్చుకుంది. నేను పొంగిపోయి తార్నాక దాకా నడుచుకుంటూ వచ్చి కాగితం సార్ చేతికిచ్చాను. ఆయన దుప్పటి కప్పుకునే, కళ్ళు సరిగా తెరవకుండానే, నా మీది నమ్మకంతో ఫోన్లో చదివేశారు.

సూచనలో చివర ఒక గడి ఉంటుంది. కెరటానికీ కెరటానికీ మధ్య ఎడం. ఆ రోజు అందులో పద్దెనిమిది సెకన్లని ఉంది. నేను ఆ గడి చూడలేదు. అది తెలియక కాదు, పరీక్షలో దాని మీదే రెండు పేజీలు రాసి మార్కులు కొట్టేశాను. ఎక్కడో దక్షిణాన, మన నావలు ఎన్నడూ పోని చోట తుఫాను లేస్తుంది. అది అక్కడే చల్లారిపోతుంది. అది రేపిన కెరటాలు మాత్రం రోజుల తరబడి నడిచి మన ఒడ్డుకొస్తాయి. నడి సముద్రంలో వాటిని పోల్చుకోలేం, అంత నెమ్మదిగా లేచి దిగుతాయి. ఒడ్డు తగిలాకే పడగెత్తుతాయి. మామూలు కెరటాల మధ్య ఎడం ఆరేడు సెకన్లు, వీటికి పదిహేను పైన. వాటిని ముందుగా పట్టించేది ఆ ఒక్క అంకె.

మర్నాడు సాయంత్రం ఆరు కాకముందే ఒడ్డు మామ ఫోన్ చేశాడు. సార్ గదిలో మేమందరం ఉన్నాం. స్పీకరు అక్కర్లేకుండానే వినిపించింది.

"పళ్ళెంలో నీళ్ళన్నావు కదరా! వేట నుంచి వస్తూ ఒడ్డున దిగబోతుంటే నావ బోర్లా పడిందిరా! మా తమ్ముడికి జబ్బ విరిగింది. ఆకాశంలో మబ్బు లేదు, గాలి లేదు. ఎక్కణ్ణుంచొచ్చిందిరా అది?"

సార్ మంచం మీద లేచి కూర్చున్నారు. నా వైపు చూడలేదు. గది మొత్తంలో ఎవరి వైపూ చూడలేదు. "తప్పేరా. చివరి గడి చూడలేదు. తప్పు నాదే" అన్నారు. నోటుబుక్కు అడిగి తీసుకుని, కుడి పక్క రాశారు. తప్పు. నావ బోల్తా. ఒకరికి జబ్బ విరిగింది. కింద తన సంతకం పెట్టారు. అంతకుముందు గానీ ఆ తరవాత గానీ ఆ పుస్తకంలో సంతకం లేదు. జ్వరం పూర్తిగా తగ్గకుండానే రైలెక్కి ఆ తమ్ముణ్ణి చూసొచ్చారు.

తిరిగొచ్చాక నన్ను తిడతారని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. ఆయన నన్ను క్యాంటీన్ వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ గిన్నెలు కడిగే పెద్ద టబ్బు ఉంది. అందులో ఒక స్టీలు గ్లాసు తేలేసి, రెండో చివర అరచేత్తో నీళ్ళను ఒక్కసారి తట్టి, చెయ్యి తీసేసి జేబులో పెట్టుకున్నారు. నీళ్ళు మెల్లగా ఊగుతూ పోయి గ్లాసును ఒరిపించి ముంచేశాయి.

"నా చెయ్యెక్కడుంది?" అన్నారు.

"జేబుల ఉంది సార్."

"మరి గ్లాసునెవరు ముంచారు?"

నాకు ఏడుపొచ్చేసింది. అంతలో క్యాంటీన్ అక్క బయటికొచ్చి, "ఏంది సారూ, నా బోళ్ళు తోముకునే టబ్బుల సముద్రం జేస్తున్నవ్? గా పోరిని ఏడిపిస్తున్నవ్ గూడ!" అని మా ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఆ ఏడుపులో నవ్వూ వచ్చింది.

"మామకు నేను చెప్పాలె సార్, తప్పు నాదని" అన్నాను.

"చెప్పాలనిపించిన రోజు చెప్పు. ఫోను ఎక్కడికీ పోదు. కానీ ఇవాళ్టి సూచన మాత్రం నువ్వే రాయాలి. నువ్వే చదవాలి."

రాశాను. చదివాను. అవతల మామ "ఎవరమ్మా, కొత్త గొంతు? బాగా చదివావు" అన్నాడు. ఆ మెచ్చుకోలుతో నా నోరు మూతపడిపోయింది. ఇవాళ కాదు, రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఆరేళ్ళు సాగింది. చదువైపోయింది, ఉద్యోగమొచ్చింది, సార్ క్లాసులు మానేశారు. ఆరింటి ఫోను మాత్రం ఆగలేదు. వారానికొకసారైనా నేను ఆ బాల్కనీకి వెళ్ళేదాన్ని. ప్రతిసారీ ఒడ్డు మామ ఫోనెత్తగానే వేళాకోళం మొదలు. "ఏరా, ఇవాళ పళ్ళెంలో నీళ్ళేనా? చెంబులోనా?" సార్ పకపకా నవ్వేవారు. "గంగాళంలోరా" అనేవారు. నేను రెయిలింగు పట్టుకుని రోడ్డు వైపు చూసేదాన్ని. సార్ ఒక్కసారి కూడా నా వైపు కనుసైగ అయినా చేయలేదు. దానికి ఆయన్ని ఎంత మెచ్చుకోవాలో, నన్ను నేనెంత తిట్టుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గురువారం మధ్యాహ్నానికల్లా అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. ఆంటీ బాల్కనీ గుమ్మంలో కూర్చుని, గోడ గడియారం చూసి, "ఆరవుతోంది. అతనికి ఎవరూ చెప్పలేదమ్మా. నాకు నోరు రాదు" అన్నారు. నోటుబుక్కు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

చివరి పేజీ తెరిచాను. బుధవారం సాయంత్రం సార్ చేతిరాత. "శనివారం మధ్యాహ్నం నుంచి దూరపు కెరటాలు. ఎడం పద్దెనిమిది. గాలి ఉండదు, చూడ్డానికి బాగుంటుంది. నమ్మొద్దు. శుక్రవారం చీకటి పడేలోగా నావలన్నీ బాగా పైకి లాక్కోండి. శనివారం వేట వద్దు." కుడి పక్క ఖాళీ.

ఫోన్లో ఆ రోజు సూచన తెరిచాను. ఈసారి చివరి గడి నుంచి మొదలుపెట్టి చదివాను. మారలేదు. పద్దెనిమిదే. ఆరూ ఐదుకి సార్ ఫోను మోగింది. ఫోన్ రాలేదని ఒడ్డు మామే చేశాడు.

"ఏరా, పడుకున్నావా? పళ్ళెంలో నీళ్ళు ఆరిపోయాయా?"

"మామా, నేను" అన్నాను. సార్ పోయారని చెప్పాను. "ఎప్పుడమ్మా?" అన్నాడు మామ. "తెల్లారంగ, నిద్రలనే" అన్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేననిపించింది. ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు. "మామా, ఆరోజు పళ్ళెంలో నీళ్ళని రాసింది సార్ కాదు, నేను. చివరి గడి చూడంది నేను. మీ తమ్ముడి జబ్బ విరిగింది నా వల్ల. సార్‌కి జ్వరముండె. ఆయన తప్పు ఏం లేకుండె" అని గడగడా అప్పజెప్పేశాను.

మామ అందుకున్నాడు.

"ఆరేళ్ళమ్మా! ఆరేళ్ళు వాణ్ణి ఆ మాట మీద ఏడిపించానే! మా ఇంట్లో పెళ్ళికొస్తే నలుగురిలో కూడా ఏడిపించాను. పళ్ళెం పండితుడొచ్చాడర్రా అని పిలిచాను. ఒక్కసారన్నా చెప్పొద్దూ! నవ్వుతూ కూర్చున్నాడు చూడు, దొంగ వెధవ." ఆ తిట్టు మధ్యలోనే ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇటు ఆంటీ కూడా అప్పటిదాకా ఆపుకున్నది ఆపుకోలేకపోయారు. నా సంగతి అడక్కండి.

కాసేపటికి ఆయనే ముక్కు చీది, "సరే. ఆయ్, సరే. ఏడుపు తరవాత. శనివారం సంగతేంటి? ఇక్కడ ఆకు కదలట్లేదు. సముద్రం ఊరికే పడుకుంది. కుర్రాళ్ళు వేట మానం అంటున్నారు. చెప్పినవాడు లేడు. నువ్వేమంటావు?" అన్నాడు.

 పొరబాటైతే ఒక రోజు వేట పోతుంది, నావలు పైకి లాగిన చాకిరీ దండగవుతుంది, పోయిన మనిషి చివరి మాట నవ్వులపాలవుతుంది. పొరబాటు కాకపోయి నేను నోరు నొక్కుకుంటే ఇంకెవరి జబ్బో, ఇంకేదో. "ఇప్పుడే మళ్ళ చూసిన మామా. చివరి గడి మొదలు చూసిన. పద్దెనిమిదే ఉంది. లాక్కోండి" అన్నాను.

"నువ్వే అంటున్నావా, వాడి కోసం అంటున్నావా?"

"నేనే అంటున్న."

"అయితే లాగుతాం" అని పెట్టేశాడు.

శుక్రవారం అంతా నేను ఆఫీసులో పని చేసినట్టు నటించాను. శనివారం మధ్యాహ్నం తార్నాక వెళ్ళేసరికి క్యాంటీన్ అక్క అక్కడే ఉంది, ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది. సార్ పోయాడని ఆమెకు రెండు రోజుల తరవాత తెలిసిందట. "ఎవ్వలన్న ఒక మాట చెప్పొద్దా? నేను పరాయిదాన్నా?" అని నా మీద ఇంతెత్తున లేచింది. నిజమే, నా బుద్ధి గడ్డి తిన్నది. ముగ్గురం బాల్కనీలో కూర్చున్నాం. సార్ కుర్చీలో ఎవరం కూర్చోలేదు. దాని మీద ఆయన ఫోను పెట్టాం. రెండైంది. మూడైంది. ఎండ రెయిలింగు దాటి లోపలికొచ్చింది. చాయ్ చల్లారింది.

మూడున్నరకు మోగింది. ఆంటీ స్పీకరు నొక్కారు. ఒడ్డు మామ హలో అనలేదు.

"వినండి" అన్నాడంతే. ఫోను సముద్రం వైపు తిప్పినట్టున్నాడు.

మొదట ఏమీ లేదు. తరవాత పెద్ద చప్పుడు, గోతాలు గోతాలుగా ఇసుక దించినట్టు. వెనకాల ఎవరో కేకలేస్తున్నారు. ఆ కేకల్లో భయం లేదు. "నావలు నిన్న ఉన్నచోటికి నీళ్ళొచ్చేశాయమ్మా. నావలన్నీ మాత్రం పైనున్నాయి. గాలి లేదు చూడండి, తువ్వాలు కూడా ఎగరట్లేదు" అని మామ గొంతు దూరం నుంచి వినిపించింది.

క్యాంటీన్ అక్క ఫోను వైపే చూస్తూ, "సారు చెయ్యి తీసేసిండు గద" అంది మెల్లగా.

నేను నోటుబుక్కు తెరిచి కుడి పక్క కలం పెట్టాను. రాయబోతుంటే ఆంటీ చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. బొటనవేలు వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటిగా కదులుతోంది. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని చూసీ చూసీ ఆవిడకూ వచ్చేసిందని నాకప్పుడే తెలిసింది. కింద ఏదో బస్సు హారను కొట్టి వెళ్ళిపోయింది. పన్నెండు, పదమూడు అని పెదాలు కదులుతున్నాయి.  పదహారు. పదిహేడు.

"పద్దెనిమిది" అన్నారు ఆంటీ పైకి. ఖాళీ కుర్చీలోంచి కెరటం విరిగింది.